గంతలాటలో మూడో గొంతు

"చీటీల ఆట పెట్టుకుంటే మరి నేనెక్కడ కూర్చోవాలి అబ్బాయ్? గుమ్మం దగ్గర టిక్కెట్లు చింపుకుంటూనా?" అంది చూపులమ్మ మరిదితో.

ఈ గొడవ ఇవాళ్టిది కాదు. గారడీ ఆటలు నడిపిన పెద్దాయన, అంటే చూపులమ్మ మొగుడు, పోయిన దగ్గర్నుంచీ వదినా మరుదుల మధ్య నానుతూనే ఉంది. ఎవరైనా వచ్చి ఆట పెట్టమంటే చాలు, మళ్ళీ మొదటికొస్తుంది. ఈసారి అడిగింది మిల్లు కార్మికుల క్లబ్బు. వాళ్ళకి పేకముక్కలూ వద్దట, టోపీలో కుందేలూ వద్దట. మనసులో మాట చెప్పే ఆటే కావాలట. అది నచ్చితే నెలనెలా పిలుస్తామని క్లబ్బు సెక్రటరీ ఒట్టేసినంత పని చేశాడు.

మనసు చదివే ఆటలు వాళ్ళ పెట్టెలో మూడున్నాయి. ఏది ఆడాలన్నదే తగువు.

చీటీల ఆట మరిదికి ఇష్టం. జనం ఏదో ఒక మాట చీటీ మీద రాసి, కవర్లో పెట్టి అంటించి ఇస్తారు. ఆటగాడు కవరు నుదుటికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, లోపలున్నది చెప్పేస్తాడు. ఒక కవరు చింపి సరిచూసుకుంటున్నట్టు నటిస్తూ అందులోది చదివేసుకోవడం, దాన్ని తర్వాతి కవర్లోదన్నట్టు చెప్పడం, అంతే కిటుకు. కానీ రకరకాల చేతిరాతలు చూసీ చూడగానే చదవాలి. చూపులమ్మకి బస్సు బోర్డు చదవాలంటేనే బస్సు కాసేపు ఆగాలి.

రెండోది పుస్తకం ఆట. అది తోడికోడలి ఓటు. ఏ పేజీ తీసినా మొదటి మాట ఒకటే ఉండేలా అచ్చేయించిన దొంగ పుస్తకం అది. "దాంట్లో అయితే నువ్వు పుస్తకం పట్టుకుని నిలబడితే చాలక్కా" అని తోడికోడలు మంచిగానే అంది. పుస్తకం పట్టుకోవడానికి బల్ల చాలు, మనిషెందుకని చూపులమ్మ ఆ ఓటు కొట్టిపారేసింది.

మూడోది గంతలాట. దానికి చూపులమ్మ కావాలి. చూపులమ్మకి అదే కావాలి.

చూపులమ్మ అన్న పేరు జనం పెట్టిందే. స్టేజీ మీద ఎత్తు వీపు కుర్చీలో ఈవిణ్ణి కూర్చోబెట్టి, కళ్ళ మీద దూదిపెట్టి, పైన నల్లగుడ్డ బిగించి కట్టేవాడు పెద్దాయన. తర్వాత జనంలోకి దిగి, ఎవరి జేబులోదో వస్తువు తీయించి చేత్తో పైకెత్తి చూపించేవాడు. గుడ్డి చీకట్లో కూర్చున్న ఈవిడ అదేంటో ఠకీమని చెప్పేది. జనం నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు. అసలు సంగతి ఆయన అడిగే తీరులో ఉంది. "చెప్పు" అంటే గడియారం. "ఊఁ, చెప్పు" అంటే ఉంగరం. "మరి ఇదో" అంటే తాళంచెవి. "చూసి చెప్పు" అంటే దువ్వెన. "ఇది కూడా" అంటే కళ్ళజోడు. వెనకాల "తొందరగా" అని తగిలిస్తే పాతదని, "నిదానంగా" అంటే విరిగిందని. అలా రెండొందల పైచిలుకు మాటలు మొగుడూ పెళ్ళాలు పెళ్ళయిన కొత్తలో కూర్చుని కట్టుకున్నారు. రాసుకోలేదు. రాసుకుంటే ఈవిడకి ఉపయోగం లేదు, దొరికినవాడికి ఉపయోగం.

ఆ ఆటకో పద్ధతుంది. కుర్చీలో కూర్చున్న మనిషి ఆలోచించకూడదు. చెవిన పడగానే నోట్లోంచి వచ్చేయాలి. ఒక్క క్షణం తడబడినా జనానికి అనుమానమొస్తుంది. "నీకు బుర్రుందన్న సంగతి స్టేజీ ఎక్కాక మర్చిపో" అనేవాడు పెద్దాయన. స్టేజీ దిగాక మాత్రం ఆయనకి ఆ సంగతి వేరే ఎవరూ గుర్తుచేయాల్సిన పనుండేది కాదు, ఈవిడే చేసేది.

మరిదికి ఆ మాటల్లో సగమే వచ్చు. పగలంతా కరెంటు పనులు చేసుకుంటాడు, సాయంత్రం అన్న వెనకాల పెట్టెలు మోసేవాడు. పోయినేడాది ఒక ఫంక్షన్లో గంతలాట ఆడబోయి, ఎవరిదో బూటు పైకెత్తి, ఉంగరం మాట అడిగాడు. చూపులమ్మ ఉంగరమంది. జనం ఇంటికెళ్ళేదాకా నవ్వారు.

"అది కాదొదినా. అన్నయ్యే మానేశాడు కదా ఆ ఆట" అన్నాడు మరిది చివరికి.

"గొంతు పోయి మానేశాడు."

"గొంతు పోయినవాడు చీటీల ఆట ఎట్టా ఆడాడు మరి?"

చూపులమ్మ లేచి వెళ్ళి కుర్చీ మీద దుమ్ము దులిపింది.

ఆవిడ పట్టుదలకి కారణం మరిదికీ తెలుసు. టైర్ల కొట్టు పైన అద్దెగది, అందులో ఆట పెట్టెలు, వాటి మధ్యన చూపులమ్మ మంచం. ఆటలాడితే గది నిలుస్తుంది. లేదంటే మరిది ఇంట్లో వెనకగది, బట్టలుతికే మిషను పక్కన. తోడికోడలు చెడ్డది కాదు. కానీ అక్కడ ఎప్పుడు దీపమార్పాలో, ఎప్పుడు తలుపేసుకోవాలో ఇంకొకరిని చూసి చేయాలి. చూపులమ్మకి తన తాళం తన నడుముకే ఉండాలి. చీటీల ఆట ఒక్కసారి మరిది ఒంటిచేత్తో గెలిచాడంటే, ఇక కుర్చీ అక్కర్లేదు. కుర్చీ అక్కర్లేకపోతే కుర్చీలో మనిషీ అక్కర్లేదు.

అందుకే కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది. గంతలాట అయితేనే క్లబ్బుకొస్తాను, లేకపోతే పెట్టెల తాళాలివ్వను అని. మరిది తల పట్టుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు.

ఆ రోజు నుంచీ పని అయ్యాక వచ్చి గదిలో మాటలు వల్లెవేసేవాడు. చూపులమ్మ గుడ్డ కట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేది. కింద కొట్లో టైర్లకి గాలి కొట్టే చప్పుడు, రబ్బరు కంపు. పైన వీళ్ళిద్దరి గోల. తప్పు చెప్పినప్పుడల్లా మరిది నెత్తి మీద ఆవిడ చేతికందిన దాంతో ఒకటిచ్చేది. కళ్ళకి గంతలున్నా ఆ గురి మాత్రం తప్పేది కాదు.

ఒకరోజు ముసురు పట్టింది. నాలుగింటికే గదిలో చీకటి. మరిది గడియారం అడిగాడు, చెప్పింది. ఉంగరం అడిగాడు, చెప్పింది. కాసేపు ఏమీ వినపడలేదు. కింద కొట్లో చప్పుడు కూడా ఆగిపోయింది. అప్పుడు... "మరి ఇదో" అని వినపడింది.

"తాళంచెవి" అంది.

"తొందరగా."

"పాతది."

బయట మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తలుపు కిర్రుమంది. "ఎవరితో వదినా మాటలు?" అని మరిది గొంతు గుమ్మంలోంచి వచ్చింది. టీ తేవడానికి కిందికెళ్ళాడట. వెళ్తున్నానని చెప్పే వెళ్ళాడట.

చూపులమ్మ గుడ్డ విప్పింది. గదిలో పెట్టెలున్నాయి. మంచముంది. రెండు గ్లాసులు పట్టుకుని తడిసిన మరిది ఉన్నాడు. వీధిలో ఎవరో అన్నది చెవినపడి ఉంటుందిలే అనుకుంది. టీ చల్లారింది తెచ్చావని మరిదిని తిట్టింది. దెయ్యాలంటే ఆవిడకి నమ్మకం లేదు. బతికున్నవాళ్ళకే ఇక్కడ చోటు చాలట్లేదు, పోయినవాళ్ళు దేనికొస్తారని అనేది. మొగుడు పోయిన ఇంట్లో ఒక్కతీ నిద్రపోగలిగింది కాబట్టి ఆ మాట అనే హక్కు తనకుందనుకునేది.

ఆటరోజు కూడా వాన. క్లబ్బు హాలు పాతకాలపు రేకుల కప్పుది. రేకుల మీద వాన గట్టిగా పడితే లోపల పక్కవాడి మాట పక్కవాడికే వినపడదు. తడి గొడుగుల కంపు, స్టేజీ తెర మీద ఏళ్ళనాటి బూజు కంపు, ఇనప కుర్చీల తుప్పు కంపు. మిల్లు నుంచి నేరుగా వచ్చిన వాళ్ళ ఒంటి మీద నూనె కంపు. స్టేజీ వెనక చిన్న గదిలో చూపులమ్మ నల్ల అంగీ తొడుక్కుంది. చేతిసంచి బల్ల మీద పెట్టింది. మరిది ఆ గదికి తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. క్లబ్బుల్లో సామాన్లు పోవడం వాళ్ళకి అలవాటే.

ముందు మరిది రుమాళ్ళూ తాళ్ళూ ఏవో చేశాడు. జనం మర్యాదకి చప్పట్లు కొట్టారు. తర్వాత కుర్చీ వేశారు. చూపులమ్మ కూర్చుంది. దూది పెట్టాడు. గుడ్డ కట్టాడు. ముడి బిగించేటప్పుడు మరిది చేతులు చల్లగా తగిలాయి. "తడబడకు" అంది మెల్లిగా. వాడు ఊఁ అన్నాడు, మెట్లు దిగి వెళ్ళాడు.

గుడ్డ లోపల చీకటి మామూలు చీకటి కాదు. కళ్ళు తెరిచినా అంతే, మూసినా అంతే. దూది వాసన, తన ఊపిరి వేడి, అంతే లోకం. ఏళ్ళ తరబడి కూర్చున్న చోటే కాబట్టి చూపులమ్మకి అందులో భయం లేదు. సొంతింటికొచ్చినట్టే ఉంది. వీపు కుర్చీకి ఆనించి, బుర్ర పక్కన పెట్టేసి, చెవులు మాత్రం ఉంచుకుంది.

"చెప్పు."

"గడియారం."

చప్పట్లు.

"ఊఁ, చెప్పు."

"ఉంగరం."

"తొందరగా."

"పాతది. మూడు తరాల నాటిది అయ్యుండొచ్చు" అంది. ఆ రెండో ముక్క తన సొంతం, జనం కోసం. ఎవరో ముసలాయన నిజమే నిజమే అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. మరిది గొంతులో హుషారొచ్చింది. పెన్ను, రూపాయి నోటు, గొడుగు, ముక్కుపొడి డబ్బా... ఒక్కటీ తప్పు పోలేదు. మరిది గొంతు వరసలు దాటుకుంటూ వెనక్కి వెనక్కి పోతోంది. చూపులమ్మకి లోపల్లోపల నవ్వొచ్చింది. గది నిలిచిందనుకుంది.

వాన ఉన్నట్టుండి పెద్దదైంది. రేకుల మీద రాళ్ళు పోసినట్టు మోత. ఆ మోతలో జనం గోల మునిగిపోయింది. మరిది గొంతు కూడా మునిగిపోయింది. చూపులమ్మ చెవులు రిక్కించింది.

"మరి ఇదో."

ఇంత మోతలోనూ ఆ మాట శుభ్రంగా వినపడింది. వెనక వరసల్లోంచి కాదు. ముందు వరసలోంచి.

"తాళంచెవి" అంది.

"తొందరగా."

"పాతది."

చప్పట్లు లేవు. వానమోతలో వినపడలేదేమో.

"చూసి చెప్పు."

"దువ్వెన."

"నిదానంగా."

"విరిగింది."

ఈసారి ఆ గొంతు స్టేజీ మెట్ల దగ్గరుంది. చెక్కమెట్టు కిర్రుమంది. అయినా చప్పట్లు లేవు. నవ్వు లేదు. దగ్గు లేదు. ఇంత మంది ఉన్న హాల్లో కుర్చీ కదిలిన చప్పుడు కూడా లేదు...

"ఇది కూడా."

"కళ్ళజోడు."

నోరు దానంతటదే అనేసింది. అన్నాక బుర్ర మేలుకుంది. పాత తాళంచెవి. విరిగిన దువ్వెన. కళ్ళజోడు. జనం జేబుల్లో అవి ఉండొచ్చు. కానీ ఆ మూడూ తన చేతిసంచిలో ఉన్నాయి. అంగీ తొడుక్కుంటూ నడుము నుంచి తీసి వేసిన అద్దెగది తాళంచెవి. పళ్ళూడిన దువ్వెన. పెద్దాయన కళ్ళజోడు. అది ప్రేమకొద్దీ దాచుకున్నది కాదు, దాని డబ్బా సూదులు పెట్టుకోవడానికి బాగుంటుందని ఉంచుకుంది. సంచి వెనక గదిలో ఉంది. గదికి తాళముంది.

పెద్దాయన గొంతా అని వెతుక్కుంది. ఆయన గొంతైతే గుర్తుపట్టేది. ఆయన గొంతైతే ఇంత భయమూ వేసేది కాదు. ఇది ఆడ గొంతో మగ గొంతో తెలీట్లేదు. ముసలో పడుచో తెలీట్లేదు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకున్న చప్పుడు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. ఆట మానేసే ముందు ఒకనాడు, ఇంటికొస్తూ బస్సులో పెద్దాయన అడిగాడు. "నేను అడక్కుండానే ఎందుకు చెప్పావ్ ఇవాళ?" అని. వేళాకోళమనుకుని, ముసలాడివైపోయావు, అడిగింది మర్చిపోతున్నావని నవ్వింది. ఆయన నవ్వలేదు. దార్లో మళ్ళీ మాట్లాడలేదు. ఆ తర్వాతే గొంతు బాగోలేదన్నాడు.

చెక్కలు కిర్రుమన్నాయి. ఒక అడుగు. ఇంకొకటి. కుర్చీ వెనక్కి వచ్చి ఆగాయి.

చేతులు లేపి గుడ్డ లాగేద్దామనుకుంది. చేతులు లేవలేదు.

"దువ్వెనకి ఎన్ని పళ్ళు పోయాయి?"

ఇది వాళ్ళు కట్టుకున్న మాటల్లో లేదు. మామూలు మాట. చెవి పక్కనే అడిగింది. ఊపిరి తగల్లేదు. చెవి మాత్రం చల్లబడింది.

"నాలుగు" అని నోరు చెప్పేసింది.

అలవాటు. ఇన్నేళ్ళ అలవాటు. అడిగితే చెప్పడమే. ఎవరడిగారని చూడకపోవడమే.

నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని కొరికి పట్టుకుంది. ఉప్పగా తగిలింది. ఇంక చెప్పకూడదు. ఏమడిగినా సరే చెప్పకూడదు...

"ఇప్పుడేమనుకుంటున్నావ్?"

చెప్పలేదు. గొంతులోంచి మాట తోసుకొస్తోంది. మింగింది. మళ్ళీ తోసుకొచ్చింది. మళ్ళీ మింగింది.

అది కాసేపు ఆగింది. ఓపిగ్గా ఆగింది. తర్వాత మెల్లిగా, తప్పు చెప్పిన పిల్లకి దిద్దినట్టు, అదే చెప్పింది.

"లేచి పరుగెత్తుదామనుకుంటున్నావ్. అంగీ అంచు కుర్చీకాలి కింద ఇరుక్కుంది, పడతానేమోనని చూస్తున్నావ్."

నిజం. అక్షరం తేడా లేదు.

చూపులమ్మ గుడ్డ పీకేసింది. గోళ్ళతో చెంప గీరుకుపోయింది. కళ్ళు తెరిచింది. చీకటి. గుడ్డ తీసినా చీకటే. కళ్ళు పోయాయనుకుంది. అంతలో ఎక్కడో ఠప్పుమని చప్పుడై హాల్లో దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి.

జనం. వందల మొహాలు. అందరూ కళ్ళు పెద్దవి చేసుకుని తనవైపే చూస్తున్నారు. మరిది ఎక్కడో వెనక వరసల్లో, చేతిలో ఎవరిదో చిన్న అద్దం పట్టుకుని కొయ్యబారి నిలబడ్డాడు. కుర్చీ వెనక ఎవరూ లేరు. తెర మాత్రం మెల్లిగా ఊగుతోంది.

తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. అలాంటి చప్పట్లు పెద్దాయన కాలంలో కూడా చూపులమ్మ వినలేదు. రేకుల మీద వానమోత వాటి కింద అణిగిపోయింది.

వెనక గది దగ్గర మరిది చెప్పాడు. వాన పెద్దది కాగానే కరెంటు పోయిందట. అద్దం మాట అడగబోతున్న తను అడక్కుండా ఆగిపోయాడట. ఆ చీకట్లో స్టేజీ మీంచి చూపులమ్మ ఒక్కతే, వానమోతని మించిన గొంతుతో, మాట్లాడటం మొదలెట్టిందట. తాళంచెవి, పాతది, దువ్వెన, విరిగింది, కళ్ళజోడు, నాలుగు. ప్రతి మాటకీ మధ్య కాసేపు ఆగి, ఎవరో అడుగుతుంటే వింటున్నట్టు. జనం భయపడి చచ్చారట. ఆనందంతో కూడా చచ్చారట.

"నువ్వేమీ అడగలేదా?" అంది.

"నేను నోరెత్తితే ఒట్టొదినా."

తాళం తీసి లోపలికెళ్ళారు. సంచి ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. జిప్పు వేసే ఉంది. దాని ముందు బల్ల మీద తాళంచెవి, దువ్వెన, కళ్ళజోడు పక్కపక్కన వరసగా పెట్టి ఉన్నాయి. వాటి పక్కన ఇంకో వస్తువు పట్టేంత మేర దుమ్ము తుడిచి ఉంది. అక్కడ ఏమీ లేదు.

మరిది ఆ బల్ల వైపు చూసి, ఇటు చూసి, గదిలోంచి బయటికెళ్ళి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అప్పుడే సెక్రటరీ నవ్వుకుంటూ వచ్చాడు. నెలనెలా రావాల్సిందేనన్నాడు. చీకట్లో ఆట మాత్రం తప్పకుండా ఉండాలన్నాడు. ఆ మాట ఖాయం చేసుకునే దాకా కదలనన్నాడు. చూపులమ్మ ఏం కావాలని ఇన్నాళ్ళూ పోట్లాడిందో అదంతా తెచ్చి ఒళ్ళో పోసినట్టు పోశాడు. ఆవిడ మాత్రం ఆలోచించుకుని చెప్తామంది. ఆయన పెదాలు కదలడం చూశాకే ఆ మాట అంది.

ఆ రోజు నుంచీ అదే పద్ధతి పట్టుకుంది. ఎవరేమడిగినా ముందు మొహంలోకి చూసేది. నోరు కదిలిందని రూఢి చేసుకునేది. అప్పుడు చెప్పేది. కిరాణా కొట్టువాడు ఈవిడకి చెవుడొచ్చిందనుకుని అరిచి మాట్లాడటం మొదలెట్టాడు. వెనకనుంచి ఎవరు పిలిచినా పలికేది కాదు. తోడికోడలు మెట్ల కింద నిలబడి అక్కా అక్కా అని గొంతు చించుకున్నా, వచ్చి కళ్ళెదుట నిలబడేదాకా చూపులమ్మ కదల్లేదు. పడుకునేటప్పుడు దీపం ఆర్పడం మానేసింది. కుర్చీని గోడకి తిప్పి పెట్టింది. గోడకి తిప్పినా లాభం లేదని దాని మీద దుప్పటి కప్పింది. దుప్పటి కప్పాక అక్కడెవరో కూర్చున్నట్టుందని దుప్పటి తీసేసింది.

మరిది ఒకసారి అడిగాడు, ఆ రోజు ఏం వినపడిందని. చెప్పలేదు. చెప్పాలంటే దాన్ని మళ్ళీ బుర్రలోకి తెచ్చుకోవాలి.

చివరికి కుర్చీ అమ్మేద్దామన్నది తోడికోడలే. మరిది వెంటనే ఊఁ అన్నాడు. ఇద్దరూ చూపులమ్మ మొహం చూశారు. ఆవిడకి ఆ కుర్చీ ఇంట్లో ఉండకూడదు. కానీ కుర్చీ పోతే ఆట పోతుంది. ఆట పోతే గది పోతుంది. బట్టలుతికే మిషను పక్కన మంచం కళ్ళ ముందు కనపడింది. ఎవరైనా వస్తే ధర నేనే చెప్తాను, మీరెవరూ నోరెత్తొద్దు అంది. మరిది తనకి తెలిసిన ఆటగాళ్ళకి ఆ మాట చేరవేశాడు.

ఒక మధ్యాహ్నం ఒకతను వచ్చాడు. మరిదే మెట్లెక్కించి తీసుకొచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, బాగా ఉతికిన చొక్కా, మెడకి మఫ్లరు. ఆటగాడిలా లేడు, ఆఫీసులో పనిచేసేవాడిలా ఉన్నాడు. గొంతు బాగోలేదన్నట్టు మెడ మీద చెయ్యి పెట్టి చూపించి నవ్వాడు. మరిదే ఇద్దరి మాటలూ మాట్లాడాడు. అతను కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగాడు. కుర్చీ చెయ్యి మీద వేలితో రుద్ది చూశాడు. కూర్చోలేదు.

"బాగా నచ్చినట్టుంది" అన్నాడు మరిది. "ఎంతనుకుంటున్నావొదినా?"

చూపులమ్మ నోరు విప్పలేదు. అతని పెదాల వంక చూస్తోంది. అవి మూసే ఉన్నాయి. పాత కొయ్యకుర్చీకి ఎవరూ ఇవ్వనంత చెప్తే అతనే వెళ్ళిపోతాడనుకుంది. ఇస్తే మాత్రం గది అద్దెకి కొన్నాళ్ళు ఢోకా ఉండదు. పద్దెనిమిది వేలు, అనుకుంది లోపల.

అతను జేబులోంచి నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు. మరిది లెక్కపెట్టాడు. పద్దెనిమిది వేలు.

"ఇదేంటి, నేనింకా బేరమే మొదలెట్టలేదు" అని మరిది సంబరపడ్డాడు.

చూపులమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు బిగించి, కావాలనే అనుకుంది... ఇంకో ఆరు వందలు.

అతను చిన్నగా నవ్వి మళ్ళీ జేబులో చెయ్యి పెట్టాడు. ఆరు వందలు తీసి నోట్ల పక్కన పెట్టాడు.

ఇంకేమీ అనుకోకూడదు. గోడ చూసింది. కిటికీ చూసింది. కింద టైరుకి గాలి కొడుతున్న చప్పుడు వింది. బుర్ర ఖాళీగా పెట్టుకుంది. కుర్చీలో కూర్చున్నప్పుడు పెట్టుకున్నట్టే పెట్టుకుంది. ఆ ఖాళీలోకి నలభై మూడు అన్న అంకె వచ్చి నిలబడింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడకి తెలీదు. ఆవిడ అనుకున్నది మాత్రం కాదు.

అతను రెండు ఇరవై నోట్లు తీశాడు. తర్వాత చిల్లర వెతుక్కుని, ఒక్కొక్క బిళ్ళా చప్పుడయ్యేలా బల్ల మీద పెట్టాడు.

మరిది అంతా ఒక దగ్గరికి చేర్చి, మొదట్నుంచీ లెక్కపెట్టి, తలెత్తకుండానే పైకి చెప్పాడు.

"పద్దెనిమిది వేల ఆరు వందల నలభై మూడు."